మాల్దీవుల ఆల్ ఇన్‌క్లూజివ్ ప్యాకేజీ: ఎవరికి గిట్టుబాటు?

ముందే చెప్తున్నా. ఇంట్లో మందు తాగేవాళ్ళు ఒకరిద్దరైనా లేకపోతే బస, తిండి, మందు అన్నిటికీ కలిపి ముందే కట్టేసే ఈ ప్యాకేజీకి పోసిన డబ్బు తిండి రూపంలో తిరిగి రాదు. అయినా మళ్ళీ వెళ్తే మేము ప్యాకేజీనే తీసుకుంటాం. దానికి కారణం మా అత్తయ్య.

మాది అనంతపురం, ఇప్పుడు ఉండేది బెంగళూరు మారతహళ్ళిలో. అత్తయ్య, మేము, బావగారి కుటుంబం, పిల్లలు అంతా కలిసి బయల్దేరాం. జయనగర్‌లో ఒక ఏజెంటు దగ్గర బుక్ చేశాం. ఆయన పేరూ రిసార్టు పేరూ రాయట్లేదు. ఎవరి దగ్గర కొన్నా లెక్కలు ఇట్లాగే ఉంటాయి, అందుకని.

గోవాలో అయితే ఇలాంటి ప్యాకేజీ నేనే వద్దంటాను. గేటు దాటితే చేపల భోజనం దొరుకుతుంది. మాల్దీవుల్లో గేటే ఉండదు. 1972లో కురుంబా అనే దీవిలో మొదటి రిసార్టు తెరిచినప్పటి నుంచీ అక్కడ పద్ధతి ఒకటే: ఒక దీవికి ఒక రిసార్టు. బియ్యం, పాలు, ఉల్లిగడ్డలు అన్నీ పడవ మీద రావాలి. పక్కన ఇంకో హోటల్ లేదు, కిరాణా కొట్టు లేదు. వాళ్ళు ఎంత అంటే అంత.

మెనూలో కాఫీ ఏడు డాలర్లు, పక్కన రెండు ప్లస్ గుర్తులు. ఆ ప్లస్సుల్లోనే ఉంది అసలు సంగతి. ఏడు మీద పది శాతం సర్వీస్ ఛార్జి, ఆ వచ్చిన మొత్తం మీద 17 శాతం టూరిజం పన్ను. వెరసి తొమ్మిది డాలర్లు. అంటే మన డబ్బుల్లో ఎనిమిది వందలకు దగ్గర్లో ఒక కప్పు కాఫీ! పూట పూటకీ ఈ గుణింతాలు వేసుకుంటూ సముద్రం ఏం చూస్తాం?

ఇక అత్తయ్య సంగతి. కెంపేగౌడ విమానాశ్రయం రెండో టెర్మినల్‌లో కాఫీ ధర చూసి, “ఇంత పెట్టి తాగేదేందమ్మా, నాకొద్దు” అని ఇంటి నుంచి తెచ్చుకున్న నీళ్ళ సీసా నింపుకుని కూర్చున్నారు. ఎక్కడికి తీసుకెళ్ళినా ఇదే వరస. ధర కనిపిస్తే ఆకలి లేదంటారు. రిసార్టులో దిగగానే ప్యాకేజీ వాళ్ళమని గుర్తుగా అందరి చేతులకూ పట్టీలు కట్టారు. మొదటి పూట, “దీనికి వేరే కట్టాల్నా?” అని ప్రతిదానికీ అడిగారు. “లేదత్తయ్యా, అంతా బెంగళూరులోనే కట్టేసినాం” అన్నాను. మర్నాటికి పిల్లలకు పుచ్చకాయ రసం ఆవిడే ఆర్డరిస్తున్నారు. సాయంత్రం నాకు చెయ్యి ఊపి, “కట్టేసినాం గదా, ఇంకో కాఫీ తెప్పీ” అన్నారు. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆవిడ బయట రెండో కాఫీ అడగడం నేను చూడలేదు.

బిల్లు దగ్గర మా ఆయనా బావగారూ చేసే కుస్తీ కూడా తప్పింది. నేనిస్తానంటే నేనిస్తానని పర్సులు లాక్కోవడం, తర్వాత ఎవరెంత పెట్టారని ఇంట్లో నసగడం, ఏమీ లేవు. సగం సగం ముందే కట్టేశారు. తోడికోడళ్ళం ఇద్దరం వంటింటి ముఖం చూడలేదు, రేపు టిఫినేంటని ఎవరూ అడగలేదు. అన్నీ ముందే కట్టేసే ఈ ఆలోచన కొత్తదేం కాదు. 1950లో క్లబ్ మెడ్ అనే విహారయాత్రల సంస్థ వాళ్ళు స్పెయిన్ దీవి మజోర్కాలో డేరాలేసి మొదలుపెట్టారు. తర్వాత్తర్వాత అక్కడి బార్లలో డబ్బుకు బదులు మెడలో వేసుకునే పూసలు చెల్లేవట. ఈత బట్టల్లో పర్సు ఎక్కడ పెట్టుకుంటారు మరి!

తిండికి మంచి మార్కులే. పొద్దున స్థానిక టిఫిన్ ‘మస్ హుని’ అని పెడతారు. ట్యూనా చేప, కొబ్బరి కోరు, ఉల్లి, మిరప కలిపి, మన చపాతీ లాంటి రోషీతో. బావగారు దాన్ని వదల్లేదు. శాకాహారులకు పప్పు, రెండు కూరలు, పెరుగు ఉన్నాయి. సాంబారు మాత్రం బెల్లం పానకం. అత్తయ్య సంచిలోంచి శెనక్కాయల పొడి తీసేదాకా పిల్లలు అన్నం ముట్టలేదు.

చికాకులు లేకపోలేదు. రిసార్టు గడియారం రాజధాని మాలే టైముకు ఒక గంట ముందుంటుంది, పగటి వెలుతురు ఎక్కువ దొరకాలని. ఫోన్లలో మాలే టైము, అది మనకంటే అరగంట వెనక. ఆ తికమకలో ఒక పొద్దున మేం వెళ్ళేసరికి టిఫిన్లు ఎత్తేస్తున్నారు. డబ్బు ముందే కట్టినా బఫే టైము దాటితే అంతే. స్పీడ్‌బోటు ఛార్జి, మనిషికి రాత్రికి 12 డాలర్ల గ్రీన్ ట్యాక్స్ (అక్కడి ప్రభుత్వం వేసే పర్యావరణ పన్ను) ప్యాకేజీలో లేవు. కొటేషన్ రెండో పేజీ అడుగున సన్నక్షరాల్లో ఉంది, ఏజెంటు నోటితో చెప్పలేదు. దానికే ఒకటిన్నర మార్కు కోస్తున్నా. అయిదుకు మూడున్నర.

వెళ్ళేవాళ్ళు ఏజెంటును ‘సాఫ్ట్ ఆల్ ఇన్‌క్లూజివ్’ ఉందా అని అడగండి. కొన్ని రిసార్టుల్లో ఉంటుంది: మందు తీసేసి భోజనాలు, కాఫీ, టీ, రసాలు ఉంచుతారు. మా ఇంట్లో తాగేది బావగారొక్కరే, అదీ ఒకటో రెండో బీర్లు. మిగతా అందరం మందు డబ్బు కట్టి పుచ్చకాయ రసం తాగాం. డ్యూటీ ఫ్రీలో సీసా కొని తీసుకెళ్దామనుకోకండి, మాలేలో ఆపేస్తారు. వీసాకి ఖర్చు లేదు, దిగాక ఇస్తారు. బయల్దేరే ముందు 96 గంటల్లోపు ‘ఇముగా’ అనే ప్రయాణికుల వివరాల ఫారం ఆన్‌లైన్‌లో నింపాలి, అదీ ఉచితమే. విదేశీ టూర్ మీద ఏజెంటు టీసీఎస్ (ముందుగా వసూలు చేసే పన్ను) అని పట్టుకున్న డబ్బుకు రసీదు తీసుకోండి, పాన్ ఎవరిదో వాళ్ళ ఇన్‌కంట్యాక్స్ రిటర్న్‌లో లెక్కకొస్తుంది.

ఈసారి అండమాన్ అంటున్నారు బావగారు. అక్కడి హావ్‌లాక్ దీవిలో బయట హోటళ్ళున్నాయి కాబట్టి టిఫిన్ మాత్రం కలిసిన ప్లాన్ చాలని నేనన్నాను. అత్తయ్య ఒప్పుకోలేదు, చేతికి పట్టీ కట్టే చోటే కావాలట.