చిత్తూరు–తిరుపతి రోడ్డుపై ప్రభుత్వ రహదారి భద్రతా పథకాలు: ఒక ప్రయాణికుడి సమీక్ష

ఇల్లు చిత్తూరులోను, ఉద్యోగం తిరుపతిలోను కావడం వల్ల నేను పదకొండేళ్లుగా వారానికి ఆరు రోజులు పూతలపట్టు, గాదంకి, చంద్రగిరి మీదుగా 140వ నంబరు జాతీయ రహదారిపై ప్రయాణం చేస్తున్నాను. ఈ దారికి నేను మూడు విధాలుగా డబ్బు కడుతున్నాను. బండిలో పోయించే ప్రతి లీటరు పెట్రోలులో రోడ్డు, మౌలిక వసతుల సెస్సు కలిసి ఉంటుంది. కారులో వెళ్లిన రోజు గాదంకి టోల్ ప్లాజా దగ్గర ఫాస్టాగ్ నుంచి సొమ్ము తెగుతుంది. ఇక ఏటా కట్టే బీమా ప్రీమియం ఉండనే ఉంది. కాబట్టి రహదారి భద్రత కోసం ప్రభుత్వం ఖర్చు పెట్టేది మన డబ్బే. ఆ డబ్బు రోడ్డు మీదికి, ఆసుపత్రి గుమ్మం దాకా ఎలా వచ్చిందో, ఎక్కడ ఆగిపోయిందో నేను చూసినంత మేరకు ఇక్కడ రాస్తున్నాను.

2000 సంవత్సరపు చట్టం ప్రకారం ఏర్పడిన కేంద్ర రహదారి నిధి 2018లో కేంద్ర రహదారి, మౌలిక వసతుల నిధిగా మారింది. సెస్సు సొమ్ము చేరేది దానిలోకే. జాతీయ రహదారులకు, రాష్ట్ర రోడ్లకు, ఇతర పనులకు దాని నుంచే పంపకం జరుగుతుంది. దీనికి తోడు, రాష్ట్రాల్లో రహదారి భద్రతను పెంచేందుకు ప్రపంచ బ్యాంకు 2022 జూన్‌లో 25 కోట్ల డాలర్ల రుణం మంజూరు చేసింది. ఆ కార్యక్రమంలో ఉన్న ఏడు రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. అవసరం ఎంతటిదో చెప్పడానికి కేంద్ర రవాణా శాఖ లెక్కలే చాలు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. మొత్తం రోడ్ల పొడవులో జాతీయ రహదారులు సుమారు 2 శాతమే అయినా, మరణాల్లో 36 శాతం వాటి మీదే సంభవించాయి. చనిపోయిన ప్రతి వందమందిలో 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారే.

ముందుగా బాగున్న దాన్ని చెప్పాలి. టోల్ రోడ్లపై గస్తీ వాహనం, అంబులెన్సు, క్రేను అందుబాటులో ఉంచడం నిర్వహణ ఒప్పందంలో భాగం. వాటిని పిలవడానికి 1033 నంబరు ఉంది. రెండేళ్ల క్రితం ఒక వర్షపు రాత్రి పాకాల దాటాక నా కారు ముందు చక్రం పగిలి, మార్జిన్‌లో చీకట్లో నిలబడిపోయాను. 1033కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడారు. డివైడర్ పక్కన ఉండే కిలోమీటరు రాయి మీది అంకె చెప్పమన్నారు. అరగంటలోపే గస్తీ వాహనం వచ్చి, నా కారు వెనక శంకు ఆకారపు దిమ్మెలు పెట్టి, ఎర్ర దీపం వెలిగించి, చక్రం మార్చుకునేదాకా అక్కడే ఉంది. ఒక్క రూపాయి అడగలేదు. ఆ వెలుగు లేకపోతే వెనక నుంచి వచ్చే లారీ నన్ను చూసి ఉండేది కాదని నాకు తెలుసు. ఈ సేవకు నేను పూర్తి మార్కులు వేస్తాను. ఆ నంబరును టోల్ గేటు దగ్గర మాత్రమే కాక ప్రతి ఊరి కూడలిలోను పెద్ద అక్షరాలతో రాయించడం అవసరం.

ప్రమాద స్థలాలను సరిచేసే పని విషయంలో నా అభిప్రాయం ఇంత సూటిగా లేదు. జాతీయ రహదారిపై సుమారు అర కిలోమీటరు పొడవున్న భాగంలో మూడేళ్లలో మరణాలు గాని తీవ్ర గాయాలు గాని కలిగించిన ప్రమాదాలు ఐదు జరిగితే, లేదా పదిమంది చనిపోతే, దాన్ని బ్లాక్‌స్పాట్‌గా గుర్తిస్తారు. గుర్తించిన తరవాత తక్షణ చర్యలుగా సూచిక బోర్డులు, రంబుల్ స్ట్రిప్స్ (వేగం తగ్గించమని బండిని కుదిపి హెచ్చరించే గట్లు), గీతలు, మెరిసే స్టడ్స్ వేస్తారు. శాశ్వత చర్యలుగా అండర్‌పాస్, సర్వీసు రోడ్డు, వంతెన వంటివి మంజూరు చేస్తారు. నా దారిలో ఇలా బాగుపడిన ఒక ఊరి కూడలి ఉంది. పూర్వం అక్కడ బడి పిల్లలు, పాల క్యాన్లు మోసుకొచ్చేవారు డివైడర్ సందులోంచి పరుగున రోడ్డు దాటేవారు. ఆ సందు మూసి, రెండు వైపులా సర్వీసు రోడ్డు వేసి, కింద దారి ఇచ్చిన తరవాత అక్కడ నేను మళ్లీ రక్తం చూడలేదు. ఇంజనీరింగు పని ఎంత మేలు చేస్తుందో అర్థం కావాలంటే ఆ కూడలిలో సాయంత్రం బడి వదిలే వేళ పది నిమిషాలు నిలబడితే చాలు.

అయితే నిధి కదలాలంటే ముందు ప్రాణాలు పోవాలన్న ఆ కొలమానం నాకు మింగుడుపడదు. బాగుపడిన ఆ కూడలికి రెండు మైళ్ల అవతల అచ్చం అలాంటిదే మరొకటి ఉంది. అక్కడి సందు, అక్కడి చీకటి, అక్కడి పిల్లలు అన్నీ ఒకటే. అక్కడ లెక్క ఇంకా నిండలేదు కాబట్టి పని మొదలుకాలేదు. ప్రమాదాల వివరాలను ఫోన్‌లోనే నమోదు చేసే ఈ-డార్ వ్యవస్థను మద్రాస్ ఐఐటీ, కేంద్ర ప్రభుత్వ సమాచార సాంకేతిక సంస్థ అయిన ఎన్ఐసీ కలిసి రూపొందించాయి. పోలీసులు ప్రమాద స్థలం నుంచే వివరాలు ఎక్కించే వీలు వచ్చాక, చిన్న ప్రమాదాలను, త్రుటిలో తప్పిన వాటిని కూడా లెక్కలోకి తీసుకుని ముందే మేల్కొనవచ్చు. జిల్లా కలెక్టర్ అధ్యక్షతన ఉండే రహదారి భద్రతా కమిటీకి ఈ సంగతి మా కాలనీవాళ్లం రెండుసార్లు రాసి ఇచ్చాం.

మన జిల్లాల స్వభావం కూడా ప్రణాళిక వేసేవారు గుర్తుంచుకోవలసినది. పలమనేరు వైపు ఎత్తు ప్రదేశం నుంచి చిత్తూరు వైపు దిగే మొగిలి ఘాట్‌లో బరువు వాహనాలు బ్రేకుల మీదే ఆధారపడి కిందికి వస్తాయి. 2024 సెప్టెంబరులో అక్కడ ఆర్టీసీ బస్సు, లారీ ఢీకొని పలువురు ప్రాణాలు కోల్పోయారు. చంద్రగిరి, పీలేరు మధ్య భాకరాపేట ఘాట్‌లో 2022 మార్చిలో ధర్మవరం నుంచి నిశ్చితార్థానికి వస్తున్న బస్సు లోయలో పడిన సంగతి మరచిపోగలిగినది కాదు. జూన్, జూలై నెలల్లో దామలచెరువు మార్కెట్టుకు, గుజ్జు ఫ్యాక్టరీలకు తోతాపురి మామిడి కాయ మోసే ట్రాక్టర్లు వెనక దీపం గాని, ఎర్ర రిఫ్లెక్టర్ గాని లేకుండా రోడ్డు పక్కన బారులు తీరి ఉంటాయి. తమిళుల పెరటాసి నెలలో (సెప్టెంబరు–అక్టోబరు) తమిళనాడు నుంచి పసుపు బట్టలు కట్టుకుని తిరుమలకు నడిచి వచ్చే భక్తులు రాత్రంతా రోడ్డు అంచునే నడుస్తారు. రిఫ్లెక్టర్ పట్టీలకు, నడక బాటకు అయ్యే ఖర్చు వంతెన ఖర్చులో ఎన్నో వంతు? అయినా నేను చూసినంతలో ఇవి స్వచ్ఛంద సంస్థల దయ మీద, పోలీసుల చొరవ మీద నడుస్తున్నాయి తప్ప ఏటా తప్పనిసరిగా వచ్చే కేటాయింపుగా కనిపించలేదు. ఈ సందర్భంలో తిరుమల ఘాట్ రోడ్డును తలచుకోకుండా ఉండలేను. టికెట్ మీద సమయం వేసి, దిగే వాహనం 40 నిమిషాలకు ముందే కిందికి చేరితే తప్పు పట్టే ఆ పద్ధతికి పెద్ద యంత్రాలేమీ అక్కరలేదు; రెండు చోట్ల మనుషులు, ఒక గడియారం ఉంటే చాలు. మొగిలికి, భాకరాపేటకు దాన్ని ఎందుకు ప్రయత్నించకూడదని నేను అధికారులను అడుగుతూనే ఉన్నాను.

రోడ్డును తప్పుగా కట్టి, ప్రమాణాలు పాటించక ప్రాణాలు పోవడానికి కారణమైన కాంట్రాక్టరుకు, సలహాదారుకు, సంబంధిత సంస్థకు లక్ష రూపాయల వరకు జరిమానా వేయవచ్చని 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 198ఎ సెక్షన్ చేర్చారు. కోట్ల రూపాయల పనిలో లక్ష ఏ మూలకు వస్తుందో చెప్పనక్కరలేదు.

ఇక ప్రమాదం జరిగిన తరవాత అందవలసిన సేవల సంగతి. దీన్ని నేను మా ఇంట్లోనే చూశాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. 2025 మే 5న కేంద్రం రోడ్డు ప్రమాద బాధితుల నగదు రహిత చికిత్స పథకాన్ని నోటిఫై చేసింది. ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల వరకు, ఒక్కో బాధితుడికి లక్షన్నర రూపాయల మేరకు, గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో డబ్బు కట్టకుండా చికిత్స పొందవచ్చు. గుర్తింపు లేని ఆసుపత్రి కూడా రోగి స్థితిని నిలబెట్టే వరకు చికిత్స చేయాలి. బీమా ఉన్న వాహనాల విషయంలో బీమా కంపెనీల వాటా నుంచి, బీమా లేనివాటికి, గుర్తు తెలియని వాహనాలకు ప్రభుత్వ సొమ్ము నుంచి మోటారు వాహన ప్రమాద నిధి ద్వారా ఆసుపత్రికి చెల్లింపు జరుగుతుంది. కాగితం మీద చూస్తే దీనికి వంక పెట్టలేం.

ఆ మరుసటి నెలలోనే, రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో, పలమనేరు నుంచి బైకు మీద వస్తున్న మా మేనల్లుడిని బంగారుపాళ్యం దాటాక వెనక నుంచి ఒక వాహనం గుద్ది ఆగకుండా వెళ్లిపోయింది. కాయల లోడుతో వస్తున్న ఒక రైతు, కారులో వెళ్తున్న మరొకాయన కలిసి వాడిని ఎత్తి కారులో పడుకోబెట్టి, చిత్తూరులో కనిపించిన ఒక ప్రైవేటు ఆసుపత్రికి చేర్చారు. నేను వెళ్లేసరికి డ్యూటీ డాక్టరు కాలికి చెక్కబద్ద కట్టి, రక్తం ఆపి, సెలైను పెట్టారు. ఆయన పనిలో లోపం లేదు. కౌంటరులో మాత్రం, ముప్పై వేలు డిపాజిట్ కడితేనే స్కానింగు అన్నారు. పథకం గురించి అడిగితే, “అలాంటిదేదీ మాకు రాలేదు సార్, మీరు కట్టేయండి, తరవాత చూసుకోవచ్చు” అని సమాధానం. ఫోన్‌లో నోటిఫికేషన్ తీసి చూపించాక, తమ ఆసుపత్రి జాబితాలో లేదని చెప్పారు. అదే నిజమైతే వారికి తప్పు అంటగట్టలేను. కాని జాబితాలో ఏ ఆసుపత్రి ఉందో ఆ రాత్రి రోడ్డు మీద ఉన్న మనిషికి తెలిసే మార్గం ఏది? మా అక్క మెడలోని గొలుసు తీసి నా చేతిలో పెట్టబోయింది. “వద్దక్కా, తిరుపతికి తీసుకుపోదాం” అని 108 పిలిచి, ఆ అర్ధరాత్రి ప్రభుత్వ రుయా ఆసుపత్రికి చేర్చాం. అక్కడ తొడ ఎముకకు శస్త్రచికిత్స జరిగింది. పిల్లవాడు ఇప్పుడు కర్ర లేకుండా నడుస్తున్నాడు. గాయం తగిలిన తరవాతి మొదటి గంటను చట్టం గోల్డెన్ అవర్ అని పేరు పెట్టి కాపాడదలచింది; చిత్తూరులో పోయిన ఆ రెండు గంటల్లో అది కూడా దాటిపోయింది.

వాడిని కారులో తెచ్చినాయన తన పేరు చెప్పలేదు. “నాకెందుకు సార్ కేసు గొడవ, పిల్లోడు బతికితే చాలు” అని రక్తపు మరకల చొక్కాతోనే వెళ్లిపోయారు. ఆయనకు భయం అక్కరలేదని సుప్రీంకోర్టు 2016 మార్చి 30న చెప్పింది. 2019 సవరణ 134ఎ సెక్షన్‌గా దాన్ని చట్టంలోనే చేర్చింది. పేరు చెప్పమని ఒత్తిడి చేయరాదు, సాక్షిగా ఉండమని బలవంతపెట్టరాదు. పైగా తీవ్రంగా గాయపడినవారిని గోల్డెన్ అవర్‌లో ఆసుపత్రికి చేర్చి ప్రాణం కాపాడినవారికి 2021లో 5,000 రూపాయలుగా మొదలైన పారితోషికాన్ని 2025లో రాహ్‌వీర్ పథకం కింద 25,000 రూపాయలకు పెంచారు. ఈ హక్కుల పట్టికను ప్రతి ఆసుపత్రి, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, ప్రవేశ ద్వారం దగ్గర స్థానిక భాషలో కూడా ప్రదర్శించాలని 2020 నుంచి నిబంధన ఉంది. ఆ రాత్రి నేను వెళ్లిన ఆ ప్రైవేటు ఆసుపత్రి గుమ్మానికి అటూ ఇటూ వెతికాను. ఆరోగ్య పరీక్షల ప్యాకేజీ బోర్డు ఉంది గాని ఈ పట్టిక లేదు. ఉండి ఉంటే ఆయన మరో ఐదు నిమిషాలు ఆగేవారేమో, ఆ వాహనం ఎటు వెళ్లిందో చెప్పేవారేమో అని మా అక్క ఇప్పటికీ అంటుంది.

గుద్ది పారిపోయిన వాహనం దొరకనప్పుడు ఇచ్చే పరిహారం విషయంలో నా అనుభవం మెరుగ్గానే ఉంది. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న పథకం ప్రకారం మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000 రూపాయలు ఇస్తారు. అంతకు పూర్వం ఇవి 25,000, 12,500 రూపాయలు మాత్రమే. నెల రోజుల్లో వాహనం ఆచూకీ తెలియకపోతే ఈ పరిహారం సంగతిని పోలీసులే లిఖితపూర్వకంగా బాధితులకు తెలియజేయాలి. ఆ లేఖ మాకు రాలేదు. నేనే తెలుసుకుని వెళ్లాను. రెవెన్యూ కార్యాలయంలో ఒక ఉద్యోగి నన్ను కూర్చోబెట్టి ఫారం నింపించి, గాయాల సర్టిఫికెట్, ఎఫ్‌ఐఆర్ నకలు, బ్యాంకు పుస్తకం నకలు ఏ క్రమంలో జతపరచాలో చూపించారు. విచారణాధికారి నెలలోపు నివేదిక ఇవ్వాలి, పదిహేను రోజుల్లో మంజూరు, మరో పదిహేను రోజుల్లో చెల్లింపు అని పథకంలో ఉంది. మాకు నాలుగో నెలలో యాభై వేలు నేరుగా ఖాతాలో పడ్డాయి. గడువు దాటింది, అయినా ఎవరి చేయీ తడపకుండా వచ్చింది. మధ్యవర్తులు ఈ పని చేసిపెడతామని వాటా అడుగుతారని విన్నాను. అర్జీకి రుసుం లేదు, వకీలు అక్కరలేదు, ఎవరూ వారి చేతిలో పడవద్దు.

ఒక్కోదానికి ఐదు మార్కులకు ఎన్ని వేస్తావంటే, టోల్ రోడ్డు గస్తీకి ఐదు, ప్రమాద స్థలాల మరమ్మతుకు మూడు, హిట్ అండ్ రన్ పరిహారానికి మూడున్నర ఇస్తాను. నగదు రహిత చికిత్సకు ఆలోచనను బట్టి ఐదు ఇవ్వవలసినా, మాకు అందిన దాన్ని బట్టి రెండే ఇవ్వగలను. గుర్తింపు పొందిన ఆసుపత్రుల పేర్లు 108 సిబ్బంది వద్ద, టోల్ గేట్ల వద్ద, ప్రతి పోలీసు ఠాణాలో తెలుగులో అంటించాలని, జాబితాలో లేని ఆసుపత్రి కౌంటరులో కూడా “దగ్గరలో జాబితాలో ఉన్న ఆసుపత్రి ఇది” అని రాసిన చీటీ ఉండాలని కోరుతూ నేను, మా అక్క కలిసి కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చాం. దానికి రసీదు సంఖ్య వచ్చింది. జవాబు రాగానే ఈ సమీక్షలో ఆ రెండు మార్కులను తప్పక సవరిస్తాను.