డీజిల్ మానేస్తే ఏది మేలు? ముందు రాత్రి బండి ఎక్కడ ఆగుతుందో చూడండి

ఈ మధ్య హైదరాబాద్‌లో ఆటోనగర్‌లోనైనా, జీడిమెట్లలోనైనా సరుకు బండ్లు తిప్పేవాళ్లు ఎవరు కలిసినా ఒకటే ప్రశ్న. "అన్నా, కొత్త బండి సీఎన్జీ తీసుకోవాలా, ఎలక్ట్రిక్ తీసుకోవాలా? డీజిలే నయమా?" చాలామంది కిలోమీటరుకు ఎంత పడుతుందన్న లెక్కతో మొదలుపెడతారు. ఆ లెక్క అవసరమే. కానీ లారీలను పెట్రోలు, డీజిల్ లేకుండా నడపాలన్న ప్రయత్నాలు వందేళ్లకు పైగా సాగుతున్నాయి. వాటిలో ఏవి నిలిచాయో, ఏవి పోయాయో చూస్తే ధర కంటే ముందు అడగాల్సింది ఇంకొకటి ఉందనిపిస్తుంది. బండి పని ముగించుకుని రోజూ ఒకే చోటికి తిరిగొస్తుందా, లేదా?

ఎలక్ట్రిక్ లారీ కొత్తదేమీ కాదు. 1910ల్లో న్యూయార్క్, షికాగో లాంటి నగరాల్లో దుకాణాల సరుకు ఇళ్లకు చేర్చడానికి బ్యాటరీ లారీలు వాడేవారు. అమెరికాలోనే హార్ట్‌ఫర్డ్ అనే ఊళ్లో కరెంటు కంపెనీయే బ్యాటరీలు సమకూర్చేది. లారీని బ్యాటరీ లేకుండా కొనుక్కోవచ్చు. తిరిగిన మైళ్లను బట్టి డబ్బు కడితే చాలు, ఖాళీ అయిన బ్యాటరీ తీసి నిండుది పెట్టి పంపేవారు. ఇవాళ బ్యాటరీ స్వాపింగ్ అని మనం కొత్తగా చెప్పుకుంటున్న పద్ధతి అక్కడ 1920ల దాకా నడిచింది.

మరి ఎందుకు పోయాయి? సీసం బ్యాటరీల బరువు, నెమ్మదైన నడక ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం, ఓనర్లు అన్ని పనులకూ ఒకే బండి కావాలనుకోవడం. ఏడాది పొడవునా ఊళ్లో తిరిగే బండికి ఎప్పుడో ఒకసారి పొరుగూరి లోడు పడితే పెట్రోలు లారీ వెళ్లగలదు, బ్యాటరీ లారీ వెళ్లలేదు. ఆ ఒక్క రోజు కోసం మిగతా రోజుల సుఖాన్ని వదులుకున్నారు. నాకు ఇందులో మన కథే కనిపిస్తుంది. "సడెన్‌గా వరంగల్ లోడు వస్తే ఎట్లా?" అని ఇప్పుడూ అడుగుతున్నారు. వస్తే ఆ రోజుకి వేరే డీసీఎం కిరాయికి మాట్లాడండి. ఎప్పుడో వచ్చే లోడు కోసం రోజూ తిరిగే బండిని ఎంచుకోకండి.

బ్రిటన్‌లో పాలు పంచే బండ్లు దశాబ్దాల పాటు బ్యాటరీల మీదే తిరిగాయి, అవీ పాత సీసం బ్యాటరీలే. రోజూ అదే వీధి, అదే దూరం, పని ముగిశాక డిపోలో ఛార్జింగ్. పని ఎంతో ముందే తెలిస్తే బలహీనమైన బ్యాటరీ కూడా సరిపోయింది.

ఇప్పటి బ్యాటరీ లెక్క ఇలా ఉంటుంది. 40 లీటర్ల డీజిల్ 34 కిలోలు కూడా ఉండదు. అంత పని చేయించే లిథియం బ్యాటరీ సుమారు టన్ను తూగుతుంది. దూరప్రయాణపు లారీకి ఆ టన్ను లోడులోంచే పోతుంది కాబట్టి నష్టం. ఎల్బీ నగర్ నుంచి బేగంబజార్ దాకా ఆగుతూ సాగే బండికి మాత్రం లెక్క మారిపోతుంది. సిగ్నల్ దగ్గర ఇంజిన్ తిరగదు, బ్రేకు వేసినప్పుడు కొంత కరెంటు వెనక్కి వస్తుంది. టాటా ఏస్ ఈవీ లాంటి చిన్న బండి బ్యాటరీ 21 యూనిట్ల చిల్లర. 15 యాంపుల సాకెట్‌కి పెట్టినా రాత్రికి రాత్రి నిండుతుంది. పైగా తెలంగాణలో ఎలక్ట్రిక్ బండ్లకు 2026 డిసెంబర్ 31 దాకా రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయించారు. తేలికపాటి సరుకు బండ్లకూ అది వర్తిస్తుంది.

సీఎన్జీని నేను తీసిపారేయను. సుప్రీంకోర్టు ఆదేశాలతో ఢిల్లీ బస్సులన్నీ 2002 నాటికి సీఎన్జీకి మారాయి. మొదట్లో పొడవాటి క్యూలు, నానా గోల. డిపోల్లోనే పంపులు పెట్టాక కుదురుకున్నాయి. అక్కడ కూడా పని చేసింది ఆ తిరిగొచ్చే చోటే. మన దగ్గర విడి బండి ఓనరుకు డిపో ఉండదు. లైనులో నిలబడాలి, ప్రెషర్ తక్కువగా ఉంటే ట్యాంకు పూర్తిగా నిండదు. ఆ నిలబడ్డ గంట కూడా కిరాయి లెక్కలోకి రావాలి, ఎవరూ వేసుకోరు.

ఎల్ఎన్జీ, అంటే ద్రవరూప సహజవాయువు, వేరే సంగతి. గ్యాసును మైనస్ 162 డిగ్రీలకు చల్లబరిస్తే ద్రవమై, పరిమాణం 600 వంతుల్లో ఒక వంతుకు తగ్గుతుంది. ఒకసారి నింపితే వెయ్యి కిలోమీటర్లు దాటే లారీలు మన దేశంలోనే తయారవుతున్నాయి. ఒకే హైవే మీద ఆగకుండా తిరిగే పెద్ద లారీకి, దారిలో ఎల్ఎన్జీ పంపు ఉంటే ఇదే మేలు. లోడు దొరక్క రోజుల తరబడి నిలబడే లారీకి వద్దు. ట్యాంకులో గ్యాసు వేడెక్కి ప్రెషర్ పెరిగితే బయటికి వదలాల్సిందే.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఇంగ్లండ్‌లో ఆవిరి లారీలు 1930ల దాకా బాగానే నడిచాయి. నీళ్ల కోసం మాటిమాటికీ ఆగాల్సి రావడం, బండి బరువును బట్టి వేసిన పన్ను వాటిని ముంచాయి. రెండో ప్రపంచ యుద్ధం నాటి బొగ్గు బస్సుల గురించి మన పెద్దవాళ్లు చెప్పేవారు. పెట్రోలు దొరకని రోజుల్లో ఆదుకున్నాయి, దొరకగానే పోయాయి. 1900 ప్యారిస్ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజిన్ వేరుశనగ నూనెతో నడిచింది నిజమే, కానీ వంటనూనెలో సగానికి పైగా దిగుమతి చేసుకునే దేశానికి అది దారి కాదు. హైడ్రోజన్ విషయానికొస్తే, కరెంటుతో దాన్ని తయారుచేసి, కుదించి, మళ్లీ కరెంటుగా మార్చేసరికి చక్రానికి చేరేది మూడో వంతు దాటదు. ప్రభుత్వ ట్రయల్స్ చూద్దాం. ఈఎంఐ కట్టాల్సినవాళ్లు ఆగడమే మంచిది.

కాబట్టి ఔటర్ రింగ్ రోడ్డు లోపల తిరిగి రోజూ మీ షెడ్డుకే వచ్చే బండి అయితే ఎలక్ట్రిక్ తీసుకోండి. రాత్రి ఎక్కడ నిలుస్తుందో తెలియని బండికి డీజిలే ఉంచండి, రోజూ పోయే దారిలో నమ్మకమైన బంకు ఉంటే సీఎన్జీ. అడ్వాన్స్ కట్టేముందు షెడ్డు కరెంటు మీటరు మీద మంజూరైన లోడు ఎంతో చూసుకోండి, పెద్ద బండికి త్రీఫేజ్ కనెక్షన్ కావాలి. షెడ్డు అద్దెదైతే కరెంటు లోడు పెంచడానికి ఓనరు ఒప్పుకుంటున్నట్టు అగ్రిమెంటులోనే రాయించుకోండి.