అద్దంతో పనిచేసే విద్యార్థి మైక్రోస్కోపు: మూడేళ్ల వాడకం తర్వాత నా అభిప్రాయం

ఒడిశాలోని బరంపురంలో బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్నప్పుడు కొన్న విద్యార్థి మైక్రోస్కోపు మూడేళ్లకు పైగా నా దగ్గర పనిచేస్తోంది. మొదట నా ప్రాక్టికల్స్ కోసమని కొన్నదాన్నే ఇప్పుడు బీఈడీ రెండో ఏడాది ఇంటర్న్‌షిప్‌లో, ఇచ్ఛాపురం సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఒక ఒడియా మాధ్యమ హైస్కూలుకు బస్సులో ఒడిలో పెట్టుకుని తీసుకువెళుతున్నాను. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో జీవశాస్త్రం చదువుతూ సైన్సు టీచరు కావాలనుకునే తెలుగు విద్యార్థులు ఇలాంటిది సొంతంగా కొనుక్కోవాలా అని నన్ను అడుగుతుంటారు. కొనుక్కోవాలనే నా అభిప్రాయం. అయితే డబ్బా మీద రాసిన పెద్ద అంకెను చూసి మాత్రం కొనకూడదు.

ఇది అంబాలాలో తయారైనది. నల్లరంగు వేసిన బరువైన లోహపు దిమ్మె, కన్ను ఆనించి చూసే లెన్సు (ఐపీస్) ఒకటే, స్లైడుకు దగ్గరగా ఉండే 10, 40, 100 రెట్ల లెన్సులు (ఆబ్జెక్టివులు) మూడు, స్లైడు పెట్టే బల్ల (స్టేజి) కింద వెలుగును స్లైడు మీదికి కూడగట్టే కండెన్సర్, దానికి వెలుగును తగ్గించి పెంచే ఐరిస్ డయాఫ్రమ్, అడుగున ఒకవైపు చదునుగా, మరోవైపు పల్లంగా ఉండి రెండువైపులా వాడుకోగల అద్దం ఉన్నాయి. బల్బు లేదు. చెక్కపెట్టెతో కలిపి 6,800 రూపాయలు అయింది. ట్యూషన్లు చెప్పి నేను కూడబెట్టిన దానికి నాన్నగారు మరో రెండు వేలు కలిపారు.

కాలేజీ ల్యాబ్ ఉండగా సొంతంగా ఎందుకని ఇంట్లో అడిగారు. ల్యాబ్‌లో ఒక్కో మైక్రోస్కోపుకు నలుగురం ఉండేవాళ్లం, రెండు గంటల ప్రాక్టికల్‌లో నా కంటికి దొరికేది పావుగంట. ఉల్లి వేరు కొనలో సమవిభజన (ఒక కణం అచ్చంగా దానిలాంటి రెండు కణాలుగా విడిపోవడం) చూడడానికి పావుగంట ఏ మూలకూ చాలదు. ఆ సంవత్సరమంతా ల్యాబ్‌లో నాకు కనిపించినవి విభజనకు ముందున్న కణాలే. రికార్డులో మాత్రం పుస్తకం చూసి నాలుగు దశల బొమ్మలూ గీశాను. అలా గీసినందుకు చాలా రోజులు మనసులో బాధగా ఉండేది. మైక్రోస్కోపు ఇంటికి వచ్చాక మొదట చేసిన పని అదే. గాజుగ్లాసు మూతి మీద ఉల్లిగడ్డను అడుగు నీటికి తగిలేలా నిలబెట్టి, నాలుగో రోజుకు రెండు సెంటీమీటర్లు పెరిగిన వేళ్ల కొనలను పొద్దున్నే కోసి, ఒక వంతు అసిటిక్ ఆమ్లానికి మూడు వంతుల ఆల్కహాలు కలిపిన ద్రావణంలో రాత్రంతా ఉంచాను. మరునాడు పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కొద్దిగా వేడిచేసి, క్రోమోజోములకు ఎర్రరంగు పట్టించే అసిటోకార్మైన్ వేసి, పైన మూసే పలచని గాజుపలక (కవర్‌స్లిప్) మీద అద్దుడు కాగితం పరిచి, పక్కకు జారకుండా బొటనవేలితో నిలువుగా నొక్కాను. పదకొండు స్లైడ్లు చెడిపోయాయి. పన్నెండోదానిలో ఒక కణం మధ్యలో ఎర్రటి పోగులు వరుసకట్టి నిలబడి ఉన్నాయి. నూనె చుక్క వేసి 100 రెట్ల ఆబ్జెక్టివుతో చూస్తే పద్నాలుగు క్రోమోజోములను విడివిడిగా లెక్కపెట్టగలిగాను. ఉల్లికి ఉండవలసిన పదహారులో మిగిలిన రెండూ వేరేవాటి కింద పడి ఉండాలి. ఆ సాయంత్రం రికార్డులోని పాత బొమ్మ పక్కన నేను చూసినది చూసినట్టుగా, పద్నాలుగే గీసి పెట్టుకున్నాను.

ఇక కొనేవాళ్లు చూడవలసిన విషయం. కొట్టులో నాకు చూపించిన మరో రకం డబ్బా మీద 2,000 రెట్లు అని పెద్ద అక్షరాలతో ఉంది, ధర కూడా తక్కువే. కొట్టాయన మంచి మాటగానే, ‘‘ఎక్కువ పెద్దగా చూపించేదే తీసుకెళ్లమ్మా, రేపు ఎమ్మెస్సీకి కూడా పనికొస్తుంది’’ అన్నారు. ఆబ్జెక్టివు మీద చెక్కిన రెండో అంకెను చదవడం మా మేడమ్ నేర్పి ఉండకపోతే నేనూ అదే తెచ్చుకునేదాన్ని. 10 రెట్ల ఆబ్జెక్టివు మీద సాధారణంగా 0.25 అనీ, 40 రెట్ల దాని మీద 0.65 అనీ, నూనెతో వాడే 100 రెట్ల దాని మీద 1.25 అనీ ఉంటుంది. దీన్ని న్యూమరికల్ అపర్చర్ అంటారు. దగ్గరదగ్గరగా ఉన్న రెండు చుక్కలను రెండుగానే చూపగల శక్తి ప్రధానంగా ఈ అంకె మీద ఆధారపడి ఉంటుంది: ఆకుపచ్చ వెలుగులో 0.65 లెన్సు సుమారు అర మైక్రాను (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఎడంలో ఉన్నవాటిని విడదీస్తుంది, 1.25 లెన్సు పావు మైక్రానుకు కాస్త ఎక్కువ ఎడంలో ఉన్నవాటిని విడదీస్తుంది. ఆ అంకెను వెయ్యితో గుణిస్తే ఆ లెన్సుతో ప్రయోజనం ఉండే గరిష్ఠ పెంపు తెలుస్తుంది, అంటే 650, 1,250. పైన 20 రెట్ల ఐపీస్ బిగించి 100తో గుణించి 2,000 అని రాసుకోవచ్చు గానీ, అప్పుడు మసక పెద్దదవుతుందే తప్ప కొత్తగా ఒక్క గీత కూడా బయటపడదు. తక్కువ ధర రకానికి కండెన్సరే లేదు. స్టేజి కింద చిల్లులున్న ఒక రేకు చక్రం మాత్రమే ఉంది. కండెన్సర్ లేకుండా 1.25 లెన్సు తన శక్తిని చూపలేదు.

డయాఫ్రమ్ విలువ నాకు పాఠం చెప్పేటప్పుడు ఇంకా బాగా తెలిసింది. రంగు వేయని ఉల్లిపొరను డయాఫ్రమ్ పూర్తిగా తెరిచి చూస్తే తెల్లని వెలుగు తప్ప ఏమీ కనిపించదు. మీటను మెల్లగా మూస్తూ వస్తే ఆ వెలుగులోంచి కణకవచాల అంచులు ఒక్కొక్కటే తేలుతాయి, కొన్ని కణాల్లో ఒక పక్కకు ఒదిగిన కేంద్రకం కూడా కనిపిస్తుంది. పిల్లల చేత ఆ మీటను తిప్పించడం నా పాఠంలో అన్నిటికంటే ముఖ్యమైన ఘట్టంగా భావిస్తాను.

అద్దం రకమే ఎందుకంటే, మా ప్రాంతంలో అది అవసరం. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు మా వీధికి రోజుల తరబడి కరెంటు రాలేదు. ఆ అనుభవం ఉన్నవాళ్లు కరెంటును నమ్ముకుని పాఠం తయారుచేయరు. నేను వెళ్లే హైస్కూల్లో సైన్సు గదిలో ఉన్న ఒక్క ప్లగ్గూ పనిచేయదు. కిటికీ దగ్గర బల్ల వేసి, ఆకాశపు వెలుగును అద్దంతో పట్టి, కండెన్సర్ వాడుతున్నాం కనుక చదునైన వైపునే పైకి తిప్పితే పని జరుగుతుంది. అద్దాన్ని సూర్యుడి వైపు తిప్పకూడదు, కంటికి ప్రమాదం. ఈ మాట ప్రతి తరగతిలోనూ మొదట చెప్పి, అద్దాన్ని నేనే సరిచేసి పెడతాను. మబ్బు పట్టిన మధ్యాహ్నాల్లో 100 రెట్ల లెన్సుకు ఈ వెలుగు చాలదు, అది ఈ రకానికి నిజంగా ఉన్న పరిమితి.

లోపాలు కూడా చెప్పాలి. కొన్న వారంలోనే, 10 రెట్లలో సరిగ్గా మధ్యన ఉన్న వస్తువు 40 రెట్లకు తిప్పగానే అంచుకు జారిపోవడం గమనించాను. ఆబ్జెక్టివులను బిగించి తిప్పే చక్రాన్ని (నోస్‌పీస్) సరిగా కేంద్రీకరించకపోవడం వల్ల ఇలా అవుతుంది. కొట్టుకు తీసుకువెళితే మొదటిసారి అలవాటైపోతుందని పంపేశారు, రెండోసారి స్లైడు వెంట తీసుకువెళ్లి వారి కంటికే చూపించాక నోస్‌పీస్ మార్చి ఇచ్చారు. మొదటిసారే మార్చి ఉండవలసింది. ఇప్పుడు ఏడాదిగా గొట్టం దానంతటది మెల్లగా కిందికి దిగి ఫోకస్ తప్పుతోంది; ఫోకస్ కోసం తిప్పే పెద్ద మరల మధ్య బిగింపును సరిచేస్తే కొన్ని నెలలు నిలుస్తుంది. సముద్రతీరపు గాలిలో తేమకు లెన్సుల మీద బూజు పడుతుంది. రెండో వానాకాలంలో ఐపీస్ లోపల సాలెగూడు పోగుల్లాంటివి కనబడితే విప్పించి తుడిపించుకున్నాను. చెక్కపెట్టె తేమను ఆపలేదు. అప్పటినుంచి మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెడుతున్నాను, మళ్లీ బూజు రాలేదు.

తరగతిలో మాత్రం ఇది నా ఆశకు మించి పనిచేసింది. ముప్ఫైమంది తొమ్మిదో తరగతి పిల్లలు వరుసలో వచ్చి చూశారు. మొదటి కుర్రాడు, ‘‘కణాలు గుండ్రంగా ఉన్నాయి, చుట్టూ నల్లటి గట్టుంది’’ అన్నాడు. వాడు చూసినవి కవర్‌స్లిప్ కింద చిక్కిన గాలిబుడగలు. నేను వెంటనే సరిదిద్దకుండా, కవర్‌స్లిప్‌ను ఒక అంచు ఆనించి మెల్లగా వాల్చడం వాడి చేతనే మళ్లీ చేయించాను. తెలుగింటి అమ్మాయి ఒకతె స్లైడును జరుపుతూ నా వైపు వంగి, ‘‘మేడమ్, ఇటు తోస్తే అటు పోతోందేమిటి?’’ అని తెలుగులో గుసగుసగా అడిగింది. బొమ్మ తలకిందులుగా, ఎడమ కుడిగా పడుతుందన్న పాఠం ఆ ప్రశ్నతో నాకు దానంతటదే దొరికింది. ఒడియాలో కోష అన్నది మనకు కణం, న్యష్టి అన్నది కేంద్రకం. ఇంట్లో ఒక మాట, బడిలో ఒక మాట ఉన్న ఈ పిల్లలకు వస్తువును ముందు కంటితో చూపి తర్వాత రెండు పేర్లూ చెబితే తికమక పడడం లేదని గమనించాను. ఇంకో పని కూడా చేయించాను: పారదర్శకమైన ప్లాస్టిక్ స్కేలును స్టేజి మీద పెట్టి చూస్తే 10 రెట్లలో కనిపించే వలయం అడ్డుకొలత రెండు మిల్లీమీటర్లకు కొంచెం తక్కువని తేలింది, ఆ వలయంలో పొడవునా ఏడు ఉల్లి కణాలు పట్టాయి, భాగిస్తే ఒక్కో కణం సుమారు పావు మిల్లీమీటరు. లెక్క వేసింది పిల్లలే.

బడిలో పాఠానికే అయితే 100 రెట్ల ఆబ్జెక్టివు లేని రకం చాలు, కండెన్సరూ డయాఫ్రమూ ఉంటే సరిపోతుంది. మిగిలిన డబ్బుతో స్లైడ్లు, కవర్‌స్లిప్‌లు, కణాలకు రంగు వేసే అయోడిన్, సాఫ్రనిన్ కొనుక్కోండి, పిల్లల చేతుల్లో కవర్‌స్లిప్‌లు చాలా త్వరగా అయిపోతాయి. బీఎస్సీలో ఉండి క్రోమోజోములు చూడాలనుకునేవాళ్లు మాత్రం 100 రెట్లది ఉన్నదే తీసుకోండి. కొట్టులోనే 10 నుంచి 40కి తిప్పి వస్తువు మధ్యలో నిలుస్తోందో లేదో చూసి, ఆ తర్వాతే డబ్బు ఇవ్వండి.