డాట్సన్ 280జడ్‌లో టర్బో ఇంజిన్, దానికి ఎంఎస్‌డీ 6బీటీఎం ఇగ్నిషన్ పెట్టె

1978 నాటి నా డాట్సన్ 280జడ్ కారులో పాత ఇంజిన్‌ను దించి, అదే వంశానికి చెందిన ఎల్28ఈటీ టర్బో ఇంజిన్‌ను ఎక్కించిన తరువాత, స్పార్క్ ఇచ్చే బాధ్యతను ఎంఎస్‌డీ కంపెనీ వారి 6బీటీఎం అనే ఎలక్ట్రానిక్ పెట్టెకు అప్పగించాను. టెక్సాస్‌లోని మా ఇంటి గ్యారేజీలో వైరింగ్ అంతా నా చేతులతోనే చేశాను. ఆపై కారు సుమారు 4,000 మైళ్లు తిరిగింది కనుక, ఇప్పుడు దీని గురించి నమ్మకంగా రాయగలను.

ఎల్28ఈటీని నిస్సాన్ సంస్థ 1981 నుంచి 1983 వరకు అమెరికాలో 280జడ్ఎక్స్ టర్బో కారులో అమ్మింది. దాని కంప్రెషన్ నిష్పత్తి 7.4:1, శక్తి 180 హార్స్ పవర్. ఆ కారు కంప్యూటర్‌ను, ఇన్నేళ్లలో పెళుసెక్కిపోయిన దాని వైర్ల కట్టను నా కారులోకి తేవడం నాకు ఇష్టం లేక, ఇంధన ఇంజెక్షన్‌కు నా కారు సొంత కంప్యూటర్‌నే ఉంచి, స్పార్క్‌కు టర్బో లేని 280జడ్ఎక్స్ డిస్ట్రిబ్యూటర్‌ను (స్పార్క్‌ను ప్లగ్‌లకు వంతులవారీగా పంచేది), అంటే మన మెకానిక్కులు డెల్కో అని పిలిచే దానిని, అమర్చాను. దాన్ని తిప్పే షాఫ్టును కూడా టర్బో లేని ఇంజిన్ నుంచే తీసుకోవాలి. టర్బో షాఫ్టు దీనికి సరిపోదు.

ఈ డెల్కోకు బూస్ట్, అంటే టర్బో కుక్కే గాలి అదనపు ఒత్తిడి, ఏమిటో తెలియదు. ఇంజిన్ వేగం పెరిగేకొద్దీ టైమింగ్‌ను, అంటే స్పార్క్ పడే క్షణాన్ని, ముందుకు జరపడమే దాని పని. నా ఇంజిన్‌లో అది మొత్తం 34 డిగ్రీల దాకా వెళ్తుంది, అంటే పిస్టన్ పైకొసకు చేరడానికి క్రాంక్ ఇంకా అన్ని డిగ్రీలు తిరగవలసి ఉండగానే స్పార్క్ పడుతుంది. టర్బో గాలిని కుక్కినప్పుడు సిలిండరులో మిశ్రమం చిక్కబడి త్వరగా మండుతుంది, ఒత్తిడి, వేడి రెండూ పెరుగుతాయి. అప్పుడు కూడా 34 డిగ్రీల దగ్గరే స్పార్క్ పడితే, రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి పేలడం) మొదలవుతుంది, పిస్టన్లు ఎక్కువ కాలం బతకవు. 6బీటీఎం సరిగ్గా ఇక్కడే అక్కరకు వస్తుంది. సిలిండర్లకు గాలిని పంచే ఇన్‌టేక్ మానిఫోల్డు నుంచి ఒక సన్నని రబ్బరు గొట్టం ఈ పెట్టెకు వస్తుంది. ప్రతి పీఎస్ఐ (ఒత్తిడి కొలమానం) బూస్ట్‌కు ఎన్ని డిగ్రీలు వెనక్కి లాగాలో డాష్‌బోర్డు మీద పెట్టుకునే నాబ్‌తో, గరిష్ఠంగా 3 డిగ్రీల వరకు, మనమే నిర్ణయించవచ్చు. నేను 1.5 దగ్గర ఉంచాను. 7 పీఎస్ఐ బూస్ట్‌లో అది 10.5 డిగ్రీలు వెనక్కి లాగుతుంది, అంటే స్పార్క్ 23.5 దగ్గర పడుతుంది. ఈ ఇంజిన్‌కు అది క్షేమకరంగా ఉంది.

వైరింగ్‌లో నేను ఎక్కువ సమయం వెచ్చించింది లావు వైర్ల మీద కాదు. పెట్టె నుంచి వచ్చే లావు ఎరుపు, లావు నలుపు నేరుగా బ్యాటరీకి వెళ్లాలి, మధ్యలో దేనికీ ముడిపెట్టకూడదు, అంతే. 280జడ్‌లో బ్యాటరీ, డెల్కో రెండూ కుడివైపే ఉంటాయి, టర్బో, ఎగ్జాస్ట్ ఎడమవైపు ఉంటాయి. అందువల్ల పెట్టెను కుడివైపు బిగిస్తే వైర్లు పొట్టిగా ఉంటాయి, వేడీ తగలదు. సన్నని ఎరుపు వైరుకు తాళం తిప్పినప్పుడు, సెల్ఫ్ కొడుతున్నప్పుడు కూడా 12 వోల్టులు అందాలి. నారింజ వైరు, రెండో నలుపు వైరు కాయిల్‌కు (స్పార్క్ కోసం వోల్టేజీని పెంచే భాగానికి) వెళ్తాయి. కాయిల్‌కు ఆ రెండు తప్ప మరే వైరూ ఉండకూడదు. ఈ పెట్టె కెపాసిటర్‌లో విద్యుత్తును నిలవచేసి కాయిల్‌లోకి ఒక్కసారిగా వదిలే రకం కనుక, ఆ రెండు వైర్ల మధ్య 450 వోల్టులకు పైగా ఉంటుంది. అక్కడ టెస్ట్ లైటు పెట్టడం ప్రాణాంతకం.

280జడ్ వాళ్లు ముఖ్యంగా గుర్తుంచుకోవలసినది ఇదే. ఈ కారులో ఆర్‌పీఎం మీటరే కాదు, ఇంజెక్షన్ కంప్యూటర్ కూడా తన సంకేతాన్ని కాయిల్ నెగెటివ్ నుంచే తీసుకుంటుంది. పాత వైరింగ్‌ను అలాగే వదిలేసి పెట్టెను కలిపితే ఆ అధిక వోల్టేజీ నేరుగా కంప్యూటర్‌లోకి పోతుంది. ఆ రెండు వైర్లను కాయిల్ నుంచి తీసి, పెట్టెకున్న టాకోమీటర్ (ఆర్‌పీఎం మీటర్) కొసకు కలిపాను. మీటరూ కంప్యూటరూ మొదటి ప్రయత్నంలోనే పనిచేశాయి.

నన్ను మూడు రోజులు తిప్పలు పెట్టింది ట్రిగ్గర్ జత, అంటే స్పార్క్ ఎప్పుడు ఇవ్వాలో పెట్టెకు చెప్పే రెండు వైర్లు. డెల్కోలోని మాగ్నెటిక్ పికప్ (అయస్కాంత సెన్సర్) నుంచి వచ్చే రెండు వైర్లను పెట్టె ఊదా, ఆకుపచ్చ వైర్లకు కలపాలి, తెల్ల వైరును దేనికీ కలపకుండా మూతిని మూసి వదలాలి. నేను ఆ జతను తారుమారుగా కలిపాను. ఇంజిన్ స్టార్టయింది, ఐడిల్ బాగానే ఉంది, కానీ స్పార్క్ పడిన ప్రతిసారీ మెరిసే టైమింగ్ లైటు పట్టుకుని యాక్సిలరేటర్ పెంచితే పుల్లీ మీద గీత ముందుకు పోవలసింది వణుకుతూ వెనక్కి జారింది. తప్పు పెట్టెదనుకుని దాన్ని విప్పబోయాను కూడా. రెండు వైర్లను మార్చి కలిపిన మరుక్షణం గీత వణుకు మాని, ముందుకు పోయి రాయిలా నిలబడింది. ఆ జతను ఒకదానితో ఒకటి మెలితిప్పి, ప్లగ్ వైర్లకు దూరంగా, బాడీని ఆనుకుని పోనిచ్చాను. విజయవాడ ఆటోనగర్‌లో మా మామయ్యగారి షెడ్డులో పనివాళ్లు ప్రతి జాయింటుకూ టంకం వేసి స్లీవు తొడిగి, చేత్తో లాగి చూసేవారు. నేనూ అదే పద్ధతి పాటించాను, ఇప్పటివరకు ఒక్క జాయింటూ వదులు కాలేదు.

తాళం తీసినా ఇంజిన్ కొన్ని క్షణాలు తిరుగుతూనే ఉండటం మరో చిక్కు. ఆల్టర్నేటర్ చార్జింగ్ లైటు వైరు ద్వారా వెనక్కి వచ్చే కొద్దిపాటి కరెంటే సన్నని ఎరుపు వైరుకు సరిపోతుంది. కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడును ఆ లైటు వైరులో పెట్టగానే అది తీరింది.

ఫలితం విషయానికి వస్తే, చల్లని ఉదయాల్లో ఇంజిన్ ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటోంది. సుమారు 3,000 ఆర్‌పీఎం వరకు ప్రతి సిలిండరులోనూ ఒకటికి బదులు అనేక స్పార్క్‌లు పడతాయి కనుక ఐడిల్ నునుపుగా ఉంది. ప్లగ్ గ్యాప్ మాత్రం తగ్గించుకోవాలి. బూస్ట్‌లో చిక్కటి మిశ్రమాన్ని చీల్చుకుని దూకడానికి స్పార్క్‌కు ఎక్కువ వోల్టేజీ కావాలి, నేను 0.8 మిల్లీమీటర్లకు తగ్గించాక పూర్తి బూస్ట్‌లో మిస్‌ఫైర్ లేదు. ప్లగ్ వైర్లు తప్పనిసరిగా రెసిస్టెన్స్ ఉన్నవే వాడాలి, లేకపోతే వాటి నుంచి వచ్చే అలజడి ఇంజెక్షన్ కంప్యూటర్‌ను గందరగోళపరుస్తుంది.

దీనిని కొనేవారు ఒక ప్రమాదాన్ని మనసులో పెట్టుకోవాలి. మానిఫోల్డు గొట్టం ఊడిపోతే పెట్టెకు బూస్ట్ కనిపించదు, అది టైమింగ్‌ను వెనక్కి లాగదు, ఆ సంగతి మీకు చెప్పేదేమీ ఉండదు. క్లిప్పు వేయకుండా వదిలేసిన నా గొట్టం ఒక సాయంత్రం జారిపోయింది. హైవే ఎక్కే వాలు మీద గులకరాళ్ల చప్పుడు వినగానే కాలు తీశాను కాబట్టి ఇంజిన్ మిగిలింది. ఇప్పుడు రెండు చివర్లా క్లిప్పులున్నాయి, నెలకోసారి చేత్తో లాగి చూస్తున్నాను.

టైమింగ్‌ను స్వయంగా నడిపే, విడిగా అమర్చుకునే (స్టాండలోన్) కంప్యూటర్ ఉన్నవారికి ఈ పెట్టెతో పని లేదు. డెల్కోనే నమ్ముకుని, తక్కువ బూస్ట్‌తో రోజూ నడపదలచిన పాత కారులో టర్బో ఇంజిన్ ఎక్కించినవారికి మాత్రం దీనిని మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తాను.