పిల్లల చేతి కుండకు ఏది మేలు: సారెనా, గిల్లడమా, మట్టితాడా?

బడిలో కళల పీరియడుకు మట్టిపని తేవాలనుకునే ఉపాధ్యాయులు చాలామంది ముందుగా కుమ్మరి సారె ఎక్కడ దొరుకుతుందని అడుగుతారు. కుండ అనగానే తిరిగే సారె, దాని నడుమ లేచే మట్టి, తడిచేతుల కుమ్మరి కళ్లముందు మెదలడం సహజమే. అయితే పిల్లల చేత ఊహ గల కుండలు చేయించడమే మన ఉద్దేశమైనప్పుడు అడగవలసిన ప్రశ్న వేరు: పిల్లవాడి మనసులో మెదిలిన ఆకారానికి ఏ పద్ధతి తక్కువ అడ్డు వస్తుంది? 40 మంది పిల్లలు, 40 నిమిషాల పీరియడు ఉన్న మామూలు తరగతిని దృష్టిలో పెట్టుకుని ఈ పద్ధతులను తూచి చూస్తాను.

సారె సంగతి మొదట చూద్దాం. ఒకే సారె ఉన్న బడిలో ఒక్కొక్కరి వంతుకు వచ్చేది ఒక్క నిమిషం. మట్టిముద్ద సారె నడిమికి కదలకుండా కుదరడం అన్నిటికంటే ముందు పని; అది చేతికి పట్టుబడటానికే వారాల సాధన కావాలి. ఆ అవస్థ దాటిన పిల్లవాడికైనా సారె ఇచ్చేది గుండ్రని ఆకారాన్నే, ఎందుకంటే తిరుగుడు స్వభావమే అది. చేపలా సాగిన కుండో, మూడు మూతులున్న కుండో, వీపున మూపురం మోసే కుండో కావాలనుకున్న పిల్లకు సారె మీద దారి దొరకదు. దీన్నిబట్టి సారె విద్యను చిన్నచూపు చూడకూడదు. మన ఊళ్లలో గుండ్రని అడుగున్న కుండ నిజానికి సారె మీద పూర్తి కాదు. మెడా అంచూ సారె మీద తీర్చి, కొంత ఆరనిచ్చి, లోపల నున్నని రాయి ఆనించి, బయట చెక్కతో తట్టి తట్టి అడుగును సాగదీస్తారు. పశ్చిమ బెంగాల్‌లోని బంకురా మట్టిగుర్రాలకైతే కాళ్లు, మెడ, మొండెం వేర్వేరుగా సారె మీద తీసి, తరువాత చేతితో అతుకుతారు. అంటే వృత్తిగా చేసేవారి పనిలోనూ సారె వదిలిన చోట చెయ్యి అందుకుంటుంది. కాబట్టి కుమ్మరి వృత్తిలో ఉన్న పెద్దవారిని ఏడాదికి ఒకరోజు తగిన పారితోషికమిచ్చి బడికి ఆహ్వానించి, పిల్లలకు ఆ పని దగ్గరగా చూపించడం ఎంతో అవసరం. ఏడాది పొడవునా సాగే పాఠానికి మాత్రం సారెను పునాది చేయకూడదని నా అభిప్రాయం.

గిల్లి చేసే కుండకు సామాను అక్కరలేదు. పిడికెడు ముద్దను ఉండ చేసి, నడుమ బొటనవేలితో గుంట చేసి, ముద్దను తిప్పుతూ గోడను వేళ్ల మధ్య నొక్కుకుంటూ పోతే ఒక్క పీరియడులోనే చిన్న గిన్నె తయారవుతుంది. గోడ ఎక్కడ మందంగా ఉందో, ఎక్కడ పలచబడిందో కళ్లకంటే ముందు వేళ్లకే తెలుస్తుంది. ఈ తెలివిడి మరే పద్ధతిలోనూ ఇంత త్వరగా రాదు. ఒకటి, రెండు తరగతుల పిల్లలకు ఇది చాలు. ఆ గిన్నెను బోర్లిస్తే తాబేలు, అంచును రెండుచోట్ల లాగితే పిట్ట ముక్కు, తోక. దీని లోపం పరిమాణంలో ఉంది. చెయ్యి పట్టినంతకు మించి కుండ పెరగదు, ఎత్తు పెంచబోతే గోడ జారి విచ్చుకుంటుంది. మూడో తరగతి దాటిన పిల్లలకు ఆ చిన్న గిన్నె త్వరగానే విసుగు పుట్టిస్తుంది.

అక్కడినుంచి మట్టితాడు అందుకుంటుంది. బల్ల మీద మట్టిని అరచేతులతో దొర్లించి చిటికెనవేలంత లావు తాళ్లు చేసి, పలకలా పరిచిన మట్టి అడుగు మీద ఒక్కో వరుస చుట్టి, లోపలివైపు వేలితో కిందికి రాసి అతికించడమే ఈ పద్ధతి. వరుసను కాస్త బయటికి పెడితే కుండ పొట్ట పెరుగుతుంది, లోపలికి పెడితే మెడ సన్నబడుతుంది. ప్రతి వరుస దగ్గరా పిల్ల ఒక నిర్ణయం తీసుకోవాలి, తరువాతి వరుసలో దాన్ని మార్చుకోవచ్చు కూడా. ఊహ పెరగడానికి ఇంతకంటే అనువైన పద్ధతిని నేను చూడలేదు. జపానులో జోమోన్ కాలపువారు సుమారు 5,000 ఏళ్ల క్రితం సారె లేకుండానే, మట్టితాళ్లు పేర్చి, అంచులు మంటల్లా ఎగసే కుండలు చేశారు. ఆ కుండల ఫోటోలు చూపిన తరువాత పిల్లలు అంచును అంచుగా వదిలెయ్యరు. జోమోన్ అన్న మాటకే తాడు ముద్ర అని అర్థం. పచ్చి కుండ మీద కొబ్బరితాడు నొక్కించి ఆ ముద్ర ఎలా పడుతుందో అక్కడికక్కడే చూపవచ్చు. మన దేశంలోనే మణిపూర్‌లోని ఆండ్రో గ్రామంలో స్త్రీలు నేటికీ సారె లేకుండా కుండలు చేస్తారన్న సంగతి కూడా చెప్పాలి.

తాడు పద్ధతికి ఓపిక కావాలి, రెండు మూడు పీరియడులు పడుతుంది. మధ్యలో కుండ ఆరిపోకుండా తడిగుడ్డ కప్పి, పైన ప్లాస్టిక్ సంచి చుట్టి ఉంచాలి. అతుకు పడే చోట రెండువైపులా పుల్లతో గీతలు గీసి, నీళ్లలో చిక్కగా కలిపిన మట్టి పూయకపోతే ఆరేటప్పుడు వరుసలు విడిపోతాయి. "కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు" (కుమ్మరి ఏడాది కష్టం దుడ్డుకర్ర ఒక్క దెబ్బతో సరి) అన్న సామెతను పిల్లలు ఇక్కడే అనుభవంతో తెలుసుకుంటారు. విరిగిన కుండ ఇంకా కాల్చనిదైతే నీళ్లలో నానబెట్టి మళ్లీ మట్టి చేసుకోవచ్చని అప్పుడే చెబితే ఏడుపు సగం తగ్గుతుంది.

అచ్చులో నొక్కడం అన్నిటికంటే సులువు, ఊహకు అన్నిటికంటే ఇరుకు: 40 మందికీ ఒకే కుండ వస్తుంది. అయితే పెరూ ఉత్తర తీరంలో ప్రాచీన కాలపు మోచే ప్రజలు మనుషుల ముఖాల రూపంలో చేసిన అద్భుతమైన కూజాలు చాలావరకు అచ్చుల సాయంతో చేసినవే. తప్పు అచ్చుది కాదు, ఎవరో చేసిన అచ్చును పిల్లల చేతికివ్వడంలో ఉంది. తమ అచ్చు తామే చేసుకోగల హైస్కూలు పిల్లలకైతే నేను కాదనను.

మట్టి ఎంపికలోనూ ఇదే ప్రశ్న వస్తుంది. అంగడిలో దొరికే రంగుల ప్లాస్టిసిన్ (పిల్లలు ఆడుకునే కృత్రిమ మట్టి) శుభ్రంగా ఉంటుంది కాని గట్టిపడదు, కుండలా కాల్చడానికి పనికిరాదు. దానితో చేసినది బొమ్మగా మిగులుతుంది, కుండ కాదు. రాళ్లు, వేళ్లు ఏరి, నానబెట్టి, బాగా పిసికిన చెరువు బంకమట్టే మేలు. గదంతా దుమ్మవుతుందన్న భయం న్యాయమైనదే, ఎండిన మట్టిపొడి ఊపిరికి మంచిది కాదు. అందుకని పని అయ్యాక చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడిపించాలి.

కాల్చాలనుకుంటే గోడ మందం ఒక సెంటీమీటరు మించకుండా చూసి, నీడలో వారం పది రోజులు ఆరబెట్టాలి. గాలిబుడగల వల్ల కుండ పేలుతుందని అందరూ అంటారు కాని, పేల్చేది లోపల మిగిలిన తేమ ఆవిరై బయటికి దారి దొరక్కపోవడం. బాగా ఆరిన పిల్లల కుండలను దగ్గరి ఊరి కుమ్మరి ఆవంలో ఆయన కుండల మధ్య పెట్టమని అడిగి చూడవచ్చు. ఎవరిది ఏదో తరువాత తెలియడానికి, మట్టి పచ్చిగా ఉన్నప్పుడే అడుగున పుల్లతో పేరు రాయించాలి.