సల్ఫర్ వెట్ ఫ్లై కిట్: దారం బాగుంది, మైనం మాత్రం పక్కన పడేయండి

నేనుండేది పెన్సిల్వేనియాలో, స్టేట్ కాలేజ్ అనే ఊరి దగ్గర. ఇక్కడ మే నెల సగం దాటితే స్ప్రింగ్ క్రీక్ అనే వాగు మీద సాయంత్రాలు సల్ఫర్ అనే మేఫ్లై లేస్తుంది, మన ఊళ్లో తొలకరికి లైటు చుట్టూ ఉసిళ్లు ముసురుతాయే అలా, కాకపోతే ఇవి పసుపూ నారింజా కలిసిన రంగులో, లేత బూడిద రెక్కలతో, మూడు సన్నటి తోకలతో భలే ముద్దుగా ఉంటాయి. అడుగునుంచి పురుగు ఈదుకుంటూ పైకొచ్చి, పొట్టు విడిచి రెక్కలు విప్పుకునే ఆ కాసేపట్లోనే ట్రౌట్ చేపలు దాన్ని గుటుక్కుమనిపిస్తాయి, అందుకే హుక్కుకి దారం, ఈకలు చుట్టి పురుగులా కట్టే ఎరల్లో తేలే డ్రై ఫ్లై కంటే మునిగే వెట్ ఫ్లైకే నాకు ఎక్కువ పడతాయి.

ఈ కిట్ ఆన్‌లైన్‌లో ఒక చిన్న షాపు నుంచి తెప్పించా, పేరు వద్దులెండి. 34 డాలర్లు. 14, 16 నంబర్ హుక్స్ (నంబర్ పెరిగేకొద్దీ హుక్కు చిన్నది), పసుప్పచ్చ పట్టు దారం, పసుపు నారింజ డబ్బింగ్ (దారానికి పట్టించి చుట్టే బొచ్చు), సన్నటి గోల్డ్ వైరు, పార్ట్రిడ్జ్ ఈకలు, అదే మన కౌజుపిట్ట చుట్టాలవి, ఇంకా ఒక మైనం ముద్ద.

అసలు గొడవంతా ఆ మైనంతోనే. దారానికి పట్టించి చుట్టమని కార్డులో ఉంది, పట్టించా. అది చెప్పులు కుట్టేవాళ్లు వాడే నల్ల మైనం, పసుపు దారం కాస్తా ఆలివ్ రంగుకి తిరిగింది. సర్లే పైన డబ్బింగ్ వస్తుందిగా అనుకుని ఆరు కట్టేసి, ఒకటి గ్లాసు నీళ్లలో వేసి చూద్దును కదా, పొడిగా ఉన్నప్పుడు బంతిపువ్వులా మెరిసింది తడవగానే గోంగూర పచ్చడిలా అయిపోయింది! బొచ్చు తడిస్తే లోపలిది బయటికి కనిపిస్తుంది, కింద ముదురు దారం, దానికిందేమో నల్ల హుక్కు, ఇంకేం పసుపు. 1854లో స్కాట్లాండ్ ట్వీడ్ నది కోసం కట్టిన గ్రీన్‌వెల్స్ గ్లోరీ అనే వెట్ ఫ్లైకి పసుపు పట్టుని కావాలనే ఇలా ముదురు చేస్తారు, కానీ అది ఆలివ్ అనే ఇంకో రకం మేఫ్లైల కోసం, సల్ఫర్‌కి కాదు కదా.

తర్వాత హుక్కు మీద ముందు తెల్ల దారం ఒక వరస చుట్టి, మామూలు తేనెమైనం రాసిన పట్టు దారంతో డబ్బింగ్ పల్చగా వేశా. నీళ్లలో వేసినా పసుపు పసుపే. వెట్ ఫ్లై రంగు వైస్ (కట్టేటప్పుడు హుక్కుని పట్టి ఉంచే బిగింపు) మీద చూసి ఫిక్స్ అవ్వకండి, గ్లాసులో చూడండి.

ఈకలు 14కి ఓకే, 16కి మరీ పెద్దవి, హుక్కు వంపు దాటి చీపురులా వేలాడతాయి. దానికి నా దగ్గరున్న కోడిపెట్ట మెడ ఈక వాడా, రెండు చుట్లు, అంతే. వీడియో కాల్‌లో అమ్మ చూసి "జడకుచ్చులు కడుతున్నావేంట్రా" అంది. స్ప్రింగ్ క్రీక్‌లో 1982 నుంచి పట్టిన చేపని వదిలేయాల్సిందే అని చెప్తే "పులుసుకి పనికిరానిదానికి ఇంత తిప్పలా" అని ఫోన్ నాన్నకిచ్చేసింది.

వదిలేయాలి కాబట్టి హుక్కు కొన దగ్గరి ఎదురుముల్లుని ప్లయర్‌తో నొక్కేస్తా, ఆ నొక్కడంలో మూడు హుక్స్ పుటుక్కున విరిగాయి, అదో మైనస్.

నీళ్ల దగ్గరికొస్తే, గోంగూర బ్యాచ్‌తో గంట నిలబడితే ఒక్కటీ ముట్టలేదు. పసుపుది మార్చి, వెట్ ఫ్లైతో చేపలు పట్టడంలో పేరున్న అలెన్‌టౌన్ ఆయన జిమ్ లైజెన్‌రింగ్ పేరు మీదున్న లిఫ్ట్ ఉంది కదా, ఫ్లైని మునగనిచ్చి చేప ముందుకొచ్చాక రాడ్ మెల్లగా ఎత్తడం, అలా చేస్తే చీకటి పడేలోపు నాలుగు బ్రౌన్ ట్రౌట్లు. అప్పటికి హ్యాచ్, అంటే పురుగులు లేవడం కూడా జోరందుకుంది లెండి, అంతా రంగు మహిమే అని ఒట్టేయలేను.

దారం, డబ్బింగ్ విడిగా అమ్మితే కళ్లుమూసుకుని కొంటా. కిట్‌కి 3 స్టార్లు. ఈకల గురించి మెయిల్ పెడితే మర్యాదగానే సారీ చెప్పి చిన్నవి ఫ్రీగా పంపారు, విప్పి చూస్తే అవీ 14కే సరిపోతాయి.