సిమెంట్ కంపెనీ ముందు ఏది చేయాలి: సోలారా, క్లింకర్ తగ్గింపా?

కార్బన్ తగ్గిస్తామని పెద్ద సిమెంట్ కంపెనీ చెప్పగానే మనకు కనిపించేది ఎక్కువగా సోలార్ ప్యానెళ్ల ఫొటోనే. మంచి పనే, కాదనను. కరెంటు బిల్లు తగ్గుతుంది, బట్టీ జోలికి వెళ్లక్కర్లేదు, పని కూడా త్వరగా అయిపోతుంది.

కానీ సిమెంట్ తయారీ కాలుష్యంలో కరెంటు వాటా చిన్నది. సగానికి పైగా కార్బన్ డయాక్సైడ్ సున్నపురాయి నుంచే వస్తుంది: రాయిని సుమారు 900 డిగ్రీల దాకా వేడి చేస్తే అందులోని వాయువు విడిపోయి గాల్లో కలుస్తుంది, బొగ్గు మానేసి బట్టీలో ఇంకేం మండించినా ఇది ఆగదు.

ఇలా సున్నపురాయిని బట్టీలో కాల్చగా వచ్చే గడ్డలే క్లింకర్, వాటిని పొడి చేసే సిమెంట్ తయారు చేస్తారు. క్లింకర్ తగ్గించడమంటే ఈ మూలాన్నే పట్టుకోవడం. బస్తాలో కొంత క్లింకర్ బదులు థర్మల్ ప్లాంటు బూడిదో, ఉక్కు ఫ్యాక్టరీలో ఇనుము కరిగించినప్పుడు మిగిలే స్లాగో కలుపుతారు. మన ప్రమాణాల ప్రకారం పీపీసీలో, అంటే బూడిద కలిపిన సిమెంట్‌లో, బూడిద 35 శాతం దాకా, స్లాగ్ సిమెంట్‌లో స్లాగ్ 70 శాతం దాకా ఉండొచ్చు. జగ్గయ్యపేట వైపు ఫ్యాక్టరీలకైతే ఇబ్రహీంపట్నం థర్మల్ బూడిద దగ్గర్లోనే ఉంది!

ఇబ్బందీ ఉంది. పీపీసీ తొలి రోజుల్లో నెమ్మదిగా గట్టిపడుతుంది, క్యూరింగ్ బాగా చేయాలి, అందుకే స్లాబుకి ఓపీసీయే (బూడిద, స్లాగ్ కలపని మామూలు సిమెంట్) కావాలని పట్టుబట్టే మేస్త్రీలు ఉంటారు. కంపెనీయే ఆ మేస్త్రీల దగ్గరికి వెళ్లి ఓపిగ్గా చెప్పాలి, సోలార్‌కి ఈ బాధ లేదు.

అయినా నా ఓటు ముందు క్లింకర్ తగ్గింపుకే, తర్వాతే సోలార్. రేపు బొగ్గు ప్లాంట్లు తగ్గి బూడిద దొరక్కపోతే ఎలా అంటారా, కాల్చిన బంకమట్టి, సున్నపురాయి పొడి కలిపే ఎల్‌సీ3 అనే సిమెంట్ ఉంది, దానికి 2023లోనే బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం వచ్చింది.